సూక్ష్మ హరితాలు: సాగు, పోషక విలువ, వంటలో వినియోగం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో రక్తహీనత దేశవ్యాప్తంగా 57.0 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా నమోదైంది. ఆకుకూరల వినియోగం పెరగాలని పోషకాహార నిపుణులు దశాబ్దాలుగా చెబుతున్నప్పటికీ, ఎండలు ముదిరే మార్చి నుండి జూన్ వరకు పెరట్లో ఆకుకూర పండించడం కష్టం. పట్టణాలలోనైతే పెరడే కరువైంది. ఈ నేపథ్యంలో కిటికీ పక్కన, వరండాలో, వంటగది అరుగుపై వారం పది రోజులలో కోతకు వచ్చే మైక్రోగ్రీన్స్, అనగా సూక్ష్మ హరితాలు, ఇటీవల విశేష ఆదరణ పొందుతున్నాయి. ఆదరణతో పాటు అతిశయోక్తులు కూడా పెరిగాయి. సాధారణ ఆకుకూరల కంటే నలభై రెట్లు పోషకాలని, సర్వరోగ నివారిణి అని, ఒక్క గదిలో లక్షల ఆదాయమని ప్రచారం జరుగుతున్నది. రైతులు, స్వయం సహాయక సంఘాల మహిళలు, నిరుద్యోగ యువత ఈ ప్రచారంలోని నిజానిజాల కోసం చివరకు ఆశ్రయించేది విస్తరణ శాస్త్రవేత్తలనే. కావున ఈ పంట శాస్త్రీయ స్వరూపాన్ని, పరిమితులను, మన వంటలలో దీనికి తగిన స్థానాన్ని తెలుసుకోవడం అవసరం.

సూక్ష్మ హరితాలు అంటే ఏమిటి?

విత్తనం మొలకెత్తిన తరువాత బీజదళాలు పూర్తిగా విచ్చుకొని, మొదటి నిజపత్రాలు తొంగి చూసే దశలో కోసి తినే లేత మొక్కలను సూక్ష్మ హరితాలు అంటారు. పంటను బట్టి విత్తిన 7 నుండి 21 రోజులలో, సుమారు 3 నుండి 8 సెం.మీ. ఎత్తులో వీటిని కోస్తారు. తినదగిన భాగం కాండం, బీజదళాలు, లేత ఆకులు మాత్రమే. వేరు, విత్తన శేషం మాధ్యమంలోనే మిగిలిపోతాయి.

వీటిని మొలకలతో కలిపి చూడరాదు. పెసలు, శనగల మొలకలను తేమలో, చాలావరకు చీకటిలో, మాధ్యమం లేకుండా 2 నుండి 5 రోజులు ఉంచి వేరు, గింజతో సహా తింటారు. సూక్ష్మ హరితాలు మాధ్యమంలో వేరూని, వెలుతురులో పెరిగి, కిరణజన్య సంయోగక్రియ ప్రారంభించిన తరువాత కోతకు వస్తాయి. మరికొన్ని వారాలు పెంచి అనేక నిజపత్రాలతో కోసేవి లేత ఆకుకూరలు. ఈ మూడు దశల మధ్య భేదం కేవలం వయసుకు సంబంధించినది కాదు. సాగు వాతావరణం, సూక్ష్మజీవుల ముప్పు, రుచి, నిల్వ కాలం అన్నీ ఈ భేదాన్ని అనుసరించే ఉంటాయి.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ పేరుతో ఈ పంట 1980, 1990 దశకాలలో అమెరికాలోని కాలిఫోర్నియా హోటళ్లలో ప్రాచుర్యం పొందింది. తొలుత వంటకాలపై అలంకరణకు వాడిన పాకశాస్త్ర నిపుణులు క్రమంగా రుచి కోసం కూడా వాడసాగారు. అయితే లేత మొక్కను కోసి తినడం భారతదేశానికి కొత్త కాదు. ముంబయి సముద్ర తీరపు ఇసుకలో పెంచి, రెండు మూడు ఆకుల దశలోనే పీకి చిన్న కట్టలుగా అమ్మే ‘సముద్ర మేథీ’ ఇందుకు చక్కని ఉదాహరణ. అది అన్ని విధాలా మెంతి సూక్ష్మ హరితమే.

సాగు విధానం సైతం తెలుగు ప్రాంతాలకు సుపరిచితమే. వివాహాది శుభకార్యాలలో అంకురార్పణ పేరిట మట్టి పాలికలలో నవధాన్యాలు చల్లి నీరు పోయడం ఆనవాయితీ. తెలంగాణ తండాలలో బంజారా కన్యలు శ్రావణ మాసపు తీజ్ పండుగకు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. ఇవి ఆహారం కోసం ఉద్దేశించినవి కాకపోయినా, దగ్గరగా విత్తడం, క్రమం తప్పక తడపడం, తొమ్మిదో రోజుకు మొలక ఏపుగా నిలవడం వంటి మెలకువలు గ్రామీణ మహిళలకు తెలిసినవే. శిక్షణ కార్యక్రమాలను ఈ అనుభవం నుండి ప్రారంభిస్తే గ్రహింపు సులభమవుతుంది.

పోషక విలువ: లెక్క ఏమి చెబుతున్నది?

మేరీలాండ్ విశ్వవిద్యాలయం, అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 25 రకాల సూక్ష్మ హరితాలను విశ్లేషించి 2012లో ప్రచురించిన ఫలితాలే నేటి ప్రచారానికి మూలాధారం. ఆ అధ్యయనంలో విటమిన్ ‘సి’ 100 గ్రాముల తాజా బరువుకు 20.4 నుండి 147.0 మి.గ్రా. వరకు ఉన్నట్లు తేలింది. విటమిన్ ‘సి’లో ఎర్ర క్యాబేజీ, కెరోటినాయిడ్లలో కొత్తిమీర, విటమిన్ ‘కె’లో ఎర్ర తోటకూర, విటమిన్ ‘ఇ’లో ముల్లంగి అగ్రస్థానంలో నిలిచాయి. ఇందులో గమనించవలసినది ఏ ఒక్క పంటా అన్నింటా ముందు లేకపోవడం. ఒక పంటలో ఒక పోషకం ముదురు ఆకు కంటే ఎన్నో రెట్లు అధికంగా కనిపించవచ్చును. దానిని అన్ని పంటలకు, అన్ని పోషకాలకు వర్తింపజేసి ‘నలభై రెట్లు’ అనడం శాస్త్రసమ్మతం కాదు.

రెండవ అంశం తినే పరిమాణం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థల 2020 సిఫారసుల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 65 మి.గ్రా. విటమిన్ ‘సి’ అవసరం. వంటకంపై అలంకరణగా చల్లే 5 గ్రాముల ఎర్ర క్యాబేజీ సూక్ష్మ హరితాల నుండి లభించేది సుమారు 7 మి.గ్రా. మాత్రమే. 25 గ్రాములు తింటే 37 మి.గ్రా. దాకా అందుతుంది. జాబితాలో అట్టడుగున ఉన్న పంట విషయంలో అదే 25 గ్రాములు 5 మి.గ్రా. మాత్రమే ఇస్తాయి. 100 గ్రాముల జామపండులో 200 మి.గ్రా.కు పైగా విటమిన్ ‘సి’ ఉంటుంది. జామ, మునగాకు, ఉసిరి చవకగా దొరికే గ్రామంలో వాటిని కాదని ఖరీదైన సూక్ష్మ హరితాలను సిఫారసు చేయడం సమంజసం కాదు.

మరి వీటి నిజమైన ప్రయోజనం ఏమిటి? మొదటిది, పచ్చిగా తినగలగడం. ఆకుకూరను ఉడికించి, నీరు వార్చినప్పుడు విటమిన్ ‘సి’లో గణనీయమైన భాగం నశిస్తుంది. సూక్ష్మ హరితాలలో అది నిలుస్తుంది. రెండవది, శాకాహారంలోని ఇనుమును శరీరం గ్రహించుటకు అదే భోజనంలోని విటమిన్ ‘సి’ తోడ్పడుతుంది. పప్పు, రాగి వంటకాలతో పాటు వీటిని తినడంలోని మేలు ఇదే. మూడవది, ఆవ కుటుంబపు పంటలలోని గ్లూకోసినోలేట్లు. మూడు రోజుల బ్రోకలీ మొలకలలో గ్లూకోరఫానిన్ ముదురు బ్రోకలీ కంటే 10 నుండి 100 రెట్లు అధికంగా ఉండవచ్చునని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లోనే వెల్లడించారు. నాల్గవది, ఆకుకూర దొరకని వేసవిలోనూ, నేల లేని ఇంటిలోనూ పచ్చని ఆకు లభ్యమగుట. అయితే రక్తహీనతకు వైద్యులు ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలకు ఇవి ప్రత్యామ్నాయం కావని ప్రతి శిక్షణలోనూ స్పష్టం చేయాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు విటమిన్ ‘కె’ అధికంగా గల తోటకూర వంటి వాటిని వైద్యుని సలహాతోనే తీసుకోవాలి.

అనుకూలమైన పంటలు, కూడని పంటలు

ఆవ, ముల్లంగి, క్యాబేజీ, మెంతి, తోటకూర, కొత్తిమీర, గోంగూర, పాలకూర, బీట్‌రూట్, బఠాణీ, ప్రొద్దుతిరుగుడు, సబ్జా మన ప్రాంతానికి అనుకూలమైనవి. నేర్చుకునేవారు ముల్లంగి, ఆవ, మెంతితో ప్రారంభించడం మంచిది. ఇవి త్వరగా, ఏకరీతిగా మొలుస్తాయి. కొత్తిమీరకు దాదాపు మూడు వారాలు పడుతుంది.

లేతగా ఉన్న ప్రతి మొక్కా తినదగినది కాదు. లేత జొన్నను మేసిన పశువులు ‘నాము’ విషంతో కూలిపోవడం రైతులకు తెలిసినదే. జొన్న మొలకలో ఉండే ధురిన్ అనే పదార్థం నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదల కావడమే దీనికి కారణం. పశువుకు కీడు చేసేది మనిషికీ కీడే కనుక జొన్నను సూక్ష్మ హరితంగా పెంచరాదు. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప కుటుంబపు లేత మొక్కలలో విషపూరిత ఆల్కలాయిడ్లు ఉండే అవకాశమున్నందున వాటిని కూడా మినహాయించాలి. రాజ్‌మా, చిక్కుడు జాతుల లేత మొక్కలను పచ్చిగా తినరాదు.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక విత్తన శుద్ధికి సంబంధించినది. పొలంలో విత్తుటకు అమ్మే విత్తనాలకు థైరమ్, కాప్టాన్ వంటి శిలీంద్రనాశినులు, కొన్నింటికి కీటకనాశినులు పట్టించి ఉంటారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు పూసిన విత్తనం అటువంటిదని గుర్తించాలి. పొలంలో మొక్క నెలల తరబడి పెరిగేసరికి ఆ మందు పలుచబడుతుంది. వారం రోజుల మొక్కకు ఆ వ్యవధి లేదు. ఎన్నిసార్లు కడిగినా అటువంటి విత్తనాన్ని వాడరాదు. మిగిలిపోయిన హైబ్రిడ్ ప్రొద్దుతిరుగుడు, బెండ, మొక్కజొన్న విత్తనాలను ఇందుకు మళ్లించే ప్రమాదం గ్రామాలలో ఎక్కువ. మందు పట్టించని, తినుటకు ఉద్దేశించిన, మొలకశాతం పరీక్షించిన విత్తనమే శ్రేయస్కరం.

సాగు విధానం

విత్తన మోతాదు: పెద్ద గింజలకు చదరపు సెంటీమీటరుకు ఒకటి, చిన్న గింజలకు నాలుగు వరకు పడేటట్లు విత్తాలి. 25 × 50 సెం.మీ. ట్రే విస్తీర్ణం 1,250 చదరపు సెం.మీ. ఆవాలు నాలుగు చొప్పున 5,000 గింజలు కావాలి. వెయ్యి గింజల బరువు సుమారు 4 గ్రాములైతే 20 గ్రాములు, మొలకశాతం 90 అయితే 22 గ్రాములు అవసరం. వెయ్యి గింజల బరువు రకాన్ని బట్టి మారుతుంది కనుక విద్యార్థులు తమ వద్దనున్న విత్తనాన్ని స్వయంగా తూచి లెక్కించుకోవాలి. ఒత్తుగా విత్తితే దిగుబడి పెరుగుతుందనుకోవడం పొరపాటు. గాలి ఆడక కాండం సన్నబడి, కుళ్లు తెగులు వ్యాపిస్తుంది.

మాధ్యమం: శుభ్రపరచి, లవణాలు తొలగించిన కొబ్బరి పొట్టు శ్రేష్ఠం. అడుగున రంధ్రాలున్న ట్రేలో 2 నుండి 3 సెం.మీ. మందాన చదునుగా పరచాలి. పచ్చి పశువుల ఎరువును, సరిగా చివకని కంపోస్టును ఏ పరిస్థితిలోనూ కలపరాదు. విత్తనంలోని నిల్వ ఆహారం ఈ స్వల్పకాలానికి చాలావరకు సరిపోతుంది. కావున రసాయన ఎరువులు అవసరం రాదు.

విత్తడం: బఠాణీ, ప్రొద్దుతిరుగుడు, మెంతి వంటి వాటిని 6 నుండి 12 గంటలు మంచినీటిలో నానబెట్టాలి. ధనియాలను రెండు బద్దలుగా చేసి నానబెట్టాలి. సబ్జా వంటి జిగురు గింజలను నానబెట్టకుండా నేరుగా చల్లాలి. చల్లిన తరువాత నీటిని తుంపరగా పిచికారీ చేసి, మరొక ట్రేతో మూసి 2 నుండి 4 రోజులు చీకటిలో ఉంచాలి. చీకటి వలన కాండం సాగి, కోతకు వీలైన ఎత్తు వస్తుంది.

వెలుతురు, నీరు: మొలకలు మూతను తోసుకొని లేచినప్పుడు వెలుతురులోకి మార్చాలి. ఇంటిలో నేరుగా ఎండ పడని కాంతి చాలును. పసుపుపచ్చని బీజదళాలు ఒకటి రెండు రోజులలో ఆకుపచ్చగా మారతాయి. ఈ దశ నుండి పైనుండి కాక, అడుగు ట్రేలో నీరు పోసి కింది నుండి తడపాలి. 18 నుండి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. మన వేసవిలో ఇంతటి చల్లదనం దుర్లభం కాబట్టి, ఇంటిలో చల్లగా, గాలి ఆడే ఉత్తరపు వైపు ఎంచుకొని, పలుచగా విత్తాలి.

కోత: ముల్లంగి 6–8, ఆవ 7–10, మెంతి 8–10, ప్రొద్దుతిరుగుడు 9–12, తోటకూర 10–14, బఠాణీ 10–14, కొత్తిమీర 18–21 రోజులలో కోతకు వస్తాయి. ఇవి ఉష్ణోగ్రతను బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతాయి. ఉదయం చల్లని వేళ, శుభ్రమైన పదునైన కత్తెరతో మాధ్యమానికి ఒక సెంటీమీటరు పైన కోయాలి.

కుళ్లు తెగులు, ఆహార భద్రత

పిథియమ్, రైజోక్టోనియా శిలీంద్రాల వలన మొదలు మెత్తబడి మొక్కలు గుంపులుగా పడిపోతాయి. అధిక తేమ, వేడి, ఒత్తు విత్తనం దీనికి మూలం. రోజులలో తినే పంట కనుక మందుల పిచికారీ నిషిద్ధం. తెగులు సోకిన ట్రేను పూర్తిగా పారవేయడమే మార్గం. ముల్లంగి, ఆవ వేళ్లపై మూడో రోజున తెల్లని నూగు కనిపించినప్పుడు బూజు అని భయపడి పారవేయడం పరిపాటి. నీటిని పిచికారీ చేయగానే ఆ నూగు వేరుకు అంటుకొని కనిపించకుండా పోతే అవి మూలకేశాలు. సాలెగూడు వలె గింజ నుండి గింజకు అల్లుకొని, నీటితో పోకుండా, వాసన వేస్తే అది బూజు.

కంటికి కనిపించని ముప్పు మరింత గంభీరమైనది. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలాది పాఠశాల విద్యార్థులు ఇ.కోలై ఓ157 బారిన పడగా, ముల్లంగి మొలకల వైపే దర్యాప్తు దారితీసింది. 2011లో జర్మనీలో మెంతి మొలకలతో ముడిపడిన ఇ.కోలై ఓ104 వ్యాధి 3,800 మందికి పైగా సోకి, 50 మందికి పైగా మరణించారు. ఈ రెండూ మొలకలకు సంబంధించినవే అయినా విత్తనం రెండింటికీ ఒకటే. వేరు, గింజ తినకపోవడం, గాలి వెలుతురులో పెరగడం వలన సూక్ష్మ హరితాలలో ముప్పు తగ్గుతుందే గాని తొలగిపోదు. విత్తనపు పగుళ్లలో దాగిన సూక్ష్మజీవులను కడగడం ద్వారా పూర్తిగా తొలగించలేము.

కావున త్రాగదగిన నీటినే వాడాలి. ట్రేలను ప్రతి పంటకు కడిగి ఎండబెట్టాలి. ఒకసారి వాడిన మాధ్యమాన్ని తిరిగి వాడక కంపోస్టుకు మళ్లించాలి. పిల్లులు, కోళ్లు, ఎలుకలు చేరని చోట పెంచాలి. చేతులు సబ్బుతో కడుగుకొని కోయాలి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు వీటిని పచ్చిగా కాక ఉడికించి తినడం క్షేమం. విటమిన్ కొంత నష్టమైనా భద్రతకు ప్రాధాన్యమివ్వాలి.

వంటలో వినియోగం

విదేశీ సలాడ్లకు పరిమితం చేస్తే ఈ పంట తెలుగు వంటింట నిలవదు. మన వంటలలో ఇమడ్చుటకు నాలుగు సూత్రాలు ఉపకరిస్తాయి.

మొదటిది వేడి. సూక్ష్మ హరితాలను పోపులో వేయించరాదు. పప్పు, చారు, ఉప్మా దించిన తరువాత, వడ్డించే ముందు కలపాలి. మెంతి సూక్ష్మ హరితాలను దించిన పెసరపప్పులో కలిపి మూత పెడితే ఆ వేడికే మగ్గి, ముదురు మెంతికూర కంటే తక్కువ చేదుతో కమ్మగా ఉంటాయి. కొత్తిమీర సూక్ష్మ హరితాలు చారుపై చల్లితే చాలును.

రెండవది ఘాటు. ఆవ, ముల్లంగి ఆకులను నలిపినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము గ్లూకోసినోలేట్లపై పనిచేసి ఘాటైన పదార్థాలను విడుదల చేస్తుంది. ఎంజైము వేడికి నశిస్తుంది కనుక మరిగే సాంబారులో వేసిన ఆవ సూక్ష్మ హరితాలకు ఘాటు ఉండదు. వాటిని తరిగి కొద్ది నిమిషాలు అలాగే ఉంచి, తరువాత పెరుగులో కలపాలి. పెరుగు చల్లదనం, ఆవ ఘాటు కలిసి ఆవ పెట్టిన పెరుగు పచ్చడిని తలపిస్తాయి. ముల్లంగి సూక్ష్మ హరితాలను పెసరట్టుపై ఉల్లి, అల్లం ముక్కలతో పాటు చివరగా చల్లి మడవాలి.

మూడవది పులుపు, ఉప్పు. ఉప్పు తగలగానే లేత కణాల నుండి నీరు ఊరి ఆకు వాడిపోతుంది. నిమ్మరసం పచ్చదనాన్ని క్రమేణా మసకబరుస్తుంది. కావున నానిన పెసరపప్పు, కొబ్బరి కోరుతో చేసే వడపప్పు వంటి వాటిలో ఈ రెండింటినీ తినే ముందే కలపాలి. ఎర్ర క్యాబేజీ రంగుకు మాత్రం పులుపు మేలు చేస్తుంది. అందులోని ఆంథోసయనిన్లు పులుపులో ఎరుపెక్కుతాయి. గోంగూర సూక్ష్మ హరితాలకు స్వతహాగా పులుపు ఉన్నందున పచ్చి ఉల్లితో రోటి పచ్చడికి, రాగి సంకటి నంజుకు తగినవి.

నాల్గవది పరిమాణం. మనిషికి 20 నుండి 25 గ్రాములు, అనగా రెండు గుప్పెళ్లు ఉంటేనే అది ఆహారం. చిటికెడైతే అలంకారమే. ప్రొద్దుతిరుగుడు, బఠాణీ సూక్ష్మ హరితాలు ఘాటు, చేదు లేనివి కనుక శనగ గుగ్గిళ్లలో, అటుకుల ఉప్మాలో పిల్లలు సైతం ఎక్కువగా తినగలరు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్ జాతులలో ఆక్సలేట్లు ఉంటాయి కనుక మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడేవారు మితంగా వాడాలి.

నిల్వ, విక్రయం

కోసిన సూక్ష్మ హరితాల శ్వాసక్రియ వేగంగా సాగుతుంది. గది ఉష్ణోగ్రతలో ఒక పూటకే వాడిపోతాయి. కడగకుండా, పొడిగా, మూత గల డబ్బాలో పలుచని వస్త్రం పరచి సుమారు 5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, తినే ముందు కడగాలి. కోయకుండా ట్రేతో సహా అమ్మడం నిల్వ సమస్యకు సులభ పరిష్కారం. వాణిజ్య సాగులో అధిక వ్యయం విత్తనం, కూలి, శీతలీకరణ, రవాణాలపైనే. అమ్ముడుపోని సరుకును మరుసటి వారానికి దాచలేము. కావున ముందు కొనుగోలుదారును, ఆపై ట్రేల సంఖ్యను నిర్ణయించుకోవాలే గాని షెడ్డు వేసి మార్కెట్టు వెదకరాదు. హోటళ్లు, శీతల సౌకర్యం గల దుకాణాలు ఉన్న నగరానికి దూరంగా ఉన్నవారికి దీనిని జీవనోపాధిగా కాక ఇంటి అవసరానికే సూచించడం ఉచితం. అప్పు చేసి యూనిట్ పెట్టదలచినవారికి ఈ మాట ముందే చెప్పాలి.

విస్తరణ, పరిశోధన బాధ్యతలు

కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనలలో ట్రే పెంపకంతో పాటు వంట ప్రదర్శన, విత్తన భద్రతపై పాఠం తప్పనిసరిగా ఉండాలి. రంగు పూసిన విత్తనాన్ని, మామూలు విత్తనాన్ని పక్కపక్కన ఉంచి చూపడం ఎంతటి ఉపన్యాసం కంటేనైనా మిన్న. స్నాతకోత్తర విద్యార్థులకు పరిశోధనాంశాలు కొదవలేదు. గోంగూర, చుక్కకూర, గంగవాయిలి వంటి స్థానిక జాతుల అనుకూలత, 35 డిగ్రీలు దాటిన వేడిలో విత్తన సాంద్రత, కొబ్బరి పొట్టుకు బదులు చవకైన స్థానిక మాధ్యమాలు, గృహస్థాయిలో విత్తనాల సూక్ష్మజీవ భారాన్ని తగ్గించే సురక్షిత పద్ధతులు, తెలుగు వంటలలో కలిపిన తరువాత మిగిలే విటమిన్ ‘సి’ పరిమాణం వాటిలో కొన్ని.

సూక్ష్మ హరితాలు పొలంలో పండే ఆకుకూరకు పోటీ కావు, మందూ కావు. ఆకుకూర అందని ఇంటికి, అందని ఋతువులో, తక్కువ చోటులో పచ్చదనాన్ని అందించే అనుబంధ పంట ఇది. సురక్షితమైన విత్తనం, శుభ్రమైన నీరు, తగిన పరిమాణం, సరియైన వంట పద్ధతి అనే నాలుగు నియమాలతో సిఫారసు చేసినప్పుడు మాత్రమే దీని మేలు భోజనపు పళ్లెం దాకా చేరుతుంది.